ఆగదని నేను రాసిచ్చిన టైమరు

చిక్కబళ్ళాపురం, చింతామణి, బాగేపల్లి తాలూకాల్లో ఒకప్పుడు కాలం నా మాట విని నడిచింది.

నవ్వకుండా వినండి. మా వైపు పట్టుపురుగులు పెంచే గదుల్లో ఫ్యాను ఎప్పుడు తిరగాలో, గోడల మీది గోనెపట్టాలకు నీళ్ళు ఎప్పుడు చల్లాలో, హీటరు ఎప్పుడు వెలగాలో చూసుకునే పెట్టె ఒకటి మా కంపెనీ తయారుచేసేది. ఆ పెట్టెలో ఒక చిప్పు, ఆ చిప్పులో ఒక టైమరు. ఆ టైమరు ఎలాంటిదో ఆపరేటింగ్ సిస్టమ్ కర్నెల్‌కు వివరించి చెప్పే ఉద్యోగం నాది. నేను ఎలా చెబితే ఆ గదుల్లో గంట అలా గడిచేది.

సరే, పెంచి చెప్పాను. మా పెట్టెలు మూడు తాలూకాల్లో లేవు. చింతామణి తాలూకాలో కొన్ని గదుల్లో, శిడ్లఘట్ట వైపు మరికొన్ని గదుల్లో ఉండేవి. చిక్కబళ్ళాపురంలో ఉన్నది మా కచేరి, అంటే ఆఫీసు. బాగేపల్లిలో ఉన్నది నేను, రోజూ బస్సెక్కి పనికి వచ్చే ముసలివాణ్ణి. అయినా ఇలా మొదలుపెడితేనే మీ వయసువాళ్ళు చివరిదాకా వింటారని నా అనుభవం.

ఈ రంగంలోకి కొత్తగా వస్తున్న మీ కోసం రాస్తున్నాను కాబట్టి పని సంగతి కొంచెం చెప్పాలి. కర్నెల్ అంటే మిషను లోపల అందరినీ నడిపించే పెద్దమనిషి అనుకోండి. చాలా తెలివైనవాడు, కానీ చూపు లేదు. తాను కూర్చున్న బోర్డు మీద ఏమేం అతికించారో అతనికి తెలియదు. మనం ఒక వివరాల ఫైలు రాసి చేతిలో పెట్టాలి. పెళ్ళింట్లో కొత్త అల్లుడికి చుట్టాలను చూపించినట్టు ఒక్కొక్క పరికరాన్నీ చూపించాలి. ఇదిగో, ఇది టైమరు. ఫలానా అడ్రసులో ఉంటుంది. ఫలానా తీగ లాగి నిన్ను పిలుస్తుంది. ఇంత వేగంతో లెక్కపెడుతుంది. మనం రాసింది రాసినట్టు నమ్ముతాడు. ఎవరినీ సాక్ష్యం అడగడు.

చేసే పని లేనప్పుడు కర్నెల్ నిద్రపోతాడు. బ్యాటరీ మిగలాలి కదా. నిద్రపోయే ముందు టైమరుతో, ఇంతసేపటికి నన్ను లేపు అని చెప్పి పడుకుంటాడు. అందుకని టైమరు గురించి రాసేటప్పుడు ఇంకొక్క సంగతి రాసే వీలుంది: చిప్పు మొత్తం గాఢనిద్రలోకి పోయినా ఈ టైమరు మాత్రం ఆగదు. ఆ మాట ఫైల్లో ఉంటే కర్నెల్ నిశ్చింతగా ఎంత లోతు నిద్రకైనా పోతాడు.

ఆ మాట నేను రాశాను. మా పాత బోర్డుకు అది నిజం. కొత్త బోర్డుకు అదే కుటుంబంలోని తర్వాతి చిప్పు వేశారు. ఆ చిప్పులో గాఢనిద్ర వస్తే టైమరుకు కూడా కరెంటు ఆగిపోతుంది. నేను పాత ఫైల్లోంచి ఆ భాగాన్ని ఎత్తి కొత్తదాంట్లో పెట్టాను. ఇది ముందే చెప్పేస్తున్నాను, చివర్లో బయటపెట్టి మిమ్మల్ని ఉలిక్కిపడేలా చేయాలని లేదు. ఆ మాట అబద్ధమని మాకు ఎలా తెలిసిందో, తెలిసేలోగా ఏం పోయిందో, అదీ నేను చెప్పదలచుకున్నది.

మా కచేరి చిక్కబళ్ళాపురంలో ఒక పురుగుమందుల అంగడి పైన మిద్దె మీద ఉండేది. పట్టుపురుగులను బతికించే మిషన్లు పురుగుమందుల వాసనలో తయారయ్యేవన్న మాట. నాతో పాటు ముఖ్యంగా పనిచేసినవాడు బోర్డు గీసే ఆయన. చింతామణి మనిషి, నాకన్నా చిన్నవాడు, మాటలో పుల్లదనం ఎక్కువ. నన్ను ‘స్వామీ’ అని పిలిచేవాడు. అందులో గౌరవం ఎంతో ఎగతాళి ఎంతో నేను ఎప్పుడూ తేల్చుకోలేకపోయాను. ఏది చెడినా అతను సాఫ్ట్‌వేర్ అనేవాడు, నేను బోర్డు అనేవాణ్ణి. ఇద్దరికీ కుదిరిన రోజు ఇన్వర్టర్ అనేవాళ్ళం. ఇన్వర్టర్ మాది కాదు కాబట్టి.

మా వైపు కరెంటు పోవడం ఎవరికీ వింత కాదు. కానీ మా కచేరిలో కరెంటు పోతే ఒక అలవాటు ఉండేది. ఎవరు ఏ పనిలో ఉన్నా లేచి, పరీక్షకు పెట్టిన పెట్టె దగ్గరికి పోయి, దాని బటన్ నొక్కి చూసేవాళ్ళం. బ్యాటరీ మీద నడుస్తోందా లేదా అని. నొక్కగానే స్క్రీను మీద టైము, గది వేడి మారేవి. “బతికే ఉండాది” అని ఎవరో ఒకరు అనేవారు. మళ్ళీ కాసేపటికి ఇంకొకరు పోయి నొక్కేవారు. ఇంట్లో జ్వరం వచ్చిన బిడ్డ నుదురు తడిమి చూసినట్టు. అంత ప్రేమగా పరీక్షించిన మిషను ఇంకోటి లేదని కస్టమర్ల దగ్గర గొప్పగా చెప్పుకున్నాను కూడా.

ఇక ఒకామె సంగతి. చింతామణి నుంచి మురుగమల్లకు పోయే దారిలో, రోడ్డుకు కొంచెం లోపలగా, ఒక చాకీ కేంద్రం ఉంది. చాకీ అంటే పసి పురుగుల పెంపకం. గుడ్డు పగిలి బయటికొచ్చిన పురుగును కొన్నాళ్ళు లేతాకు తరిగి పెట్టి పెంచి, కాస్త గట్టిపడ్డాక రైతులకు ఇస్తారు. ఆ కేంద్రం నడిపే ఆమె ఒకప్పుడు శిడ్లఘట్టలో పట్టు నూలు తీసే చోట కూలికి పనిచేసింది. పట్టుగూళ్ళు ఉడికే నీళ్ళలో చేతులు పెట్టిపెట్టి వేళ్ళ చివర్లు పాలిపోయి ఉండేవి. ఆ గది ఆమె సొంతంగా నిలబెట్టుకున్నది. భర్త మల్బరీ తోట చూసుకునేవాడు. కొత్త బోర్డు వేసిన పెట్టె కొన్న తొలి గిరాకీల్లో ఆమె ఒకరు. మా పెట్టె వచ్చాక, బోర్డాయన సలహా మీద, ఆ గది గోడల పైభాగంలో ఉన్న గాలి తలుపులను వైరుతో బిగించి కట్టేశాం. ఫ్యాను ఉండగా వాటి అవసరం లేదని.

పట్టుపురుగు పెరిగే కాలంలో కొన్నిసార్లు తినడం మానేసి, తల పైకెత్తి, కదలకుండా ఉండిపోతుంది. లోపల పాత చర్మం విడుస్తుంది. దాన్ని మా వైపు జ్వరం అంటారు. పురుగు జ్వరానికి కూర్చుంది అంటారు. ఒక పగలూ రాత్రీ అలా ఉండి లేస్తుంది. ఆ సమయంలో మేత వేయరు, తడి తగలనివ్వరు, గదిలోకి ఎవరూ పోరు. గాలి మాత్రం ఆడాలి. అన్నీ ఒకేసారి కూర్చుని ఒకేసారి లేస్తే పంట బాగున్నట్టు. కొన్ని ముందూ కొన్ని వెనకా లేస్తే ఆకు తినడం నుంచి గూడు కట్టడం దాకా అన్నీ తేడా అయి, రైతు చేతికి వచ్చేది సగమే. రెండో జ్వరం నుంచి లేచిన పురుగునే రైతులు ఎత్తుకుపోతారు.

ఒక వేసవిలో ఆమె ఫోన్ చేసింది.

“అప్పా, ఈ తడవ పురుగు ఒకటే తీరుగా లేయలేదు. సగం లేచి ఆకు కోసం చూస్తాండాయి, సగం ఇంకా జ్వరంలోనే ఉండాయి. రైతులు వాకిట్లో నిలబడుకోని ఉండారు. మిషను ఏమన్నా చేసిందేమో వచ్చి చూడల్ల.”

బోర్డాయన, నేను బండి మీద పోయాం. గుమ్మం దగ్గరే ఆపేసింది.

“పురుగుమందు వాసన వస్తాండారు ఇద్దరూ. ఆ తొట్టి కాడ కాళ్ళు చేతులు కడుక్కోని రాండి. సబ్బు ఆడనే ఉండాది.”

కడుక్కుని లోపలికి పోయాం. మెయిన్ ఆపాం. బటన్ నొక్కాం. ఫ్యాను తిరిగింది, ఆగింది, మళ్ళీ తిరిగింది. అంతా సవ్యంగా ఉంది. రికార్డులో కూడా ఏమీ లేదు. కరెంటు రాగానే మా పెట్టె, బోర్డు మీద వేరే ఉన్న చిన్న గడియారాన్ని చూసి తన టైము సరిచేసుకుంటుంది, కాబట్టి మచ్చ మిగలలేదు.

“నా బోర్డుకేం రోగం లేదు స్వామీ” అన్నాడు బోర్డాయన బయటికి వచ్చాక. “మీరు ఆయప్పకి ఏం కథలు చెప్పి నిద్రపుచ్చినారో అది చూసుకోండి.” ఆయప్ప అంటే కర్నెల్.

“ఇన్వర్టర్” అన్నాను నేను.

ఆమె మా ఇద్దరి మొహాలూ చూసింది. “ఏదో ఒకటి తేల్చండప్పా. ఆకు చెడ్డదని మా ఇంటాయన్ని అంటాండారు. నా చెయ్యి మంచిది కాదని ఇంకొకరు అంటాండారు. వచ్చే తడవ గూడా ఇట్లే అయితే గది మూసి తాళం ఏస్తా. రైతు ఒకసారి ఓర్చుకుంటాడు. రెండోసారి ఇంకో చాకీకి పోతాడు. పోవద్దని ఎట్ల చెప్పేది?”

తాళం వేస్తే తర్వాత ఏమిటని మేము అడగలేదు. పాలిపోయిన ఆ వేళ్ళ వైపు చూస్తే తెలుస్తూనే ఉంది.

కచేరికి వచ్చి పరీక్ష మీద పరీక్ష చేశాం. ప్లగ్ పీకడం, పోయి నొక్కడం, బతికే ఉండాది అనడం. ఒక్కసారి కూడా చెడలేదు. నేను ఫైళ్ళన్నీ మొదటి నుంచీ చదివాను. టైమరు భాగం దగ్గరికి వచ్చినప్పుడు నా కళ్ళు దాని మీదుగా జారిపోయాయి. పాత బోర్డులో ఏళ్ళ తరబడి పనిచేసిన మాట కదా, దాన్ని ఎవరు అనుమానిస్తారు. ఇంట్లో రోజూ చూసే మనిషి మొహాన్ని మనం చూడం, ఉందని అనుకుంటాం, అంతే.

తర్వాతి తడవ పురుగులు రెండో జ్వరానికి కూర్చున్న రోజు నేను ఒక్కడినే ఆమె దగ్గరికి పోయాను. లోపల కూర్చుని కళ్ళారా చూడాలని నా ఆలోచన. తొట్టి దగ్గర కాళ్ళు చేతులు కడుక్కుని, ఇంటి నుంచి తెచ్చుకున్న ఉతికిన చొక్కా మార్చుకుని, పెళ్ళికొడుకులా వచ్చి తలుపు ముందు నిలబడ్డాను.

“ఈ పొద్దు లోపలికి లేదప్పా” అంది ఆమె. ముందే పురుగుల మీద తడి లాగే సున్నం పొడి చల్లి, తలుపు వేసి, దాని ముందు స్టూలు వేసుకుని కూర్చుని ఉంది. “జ్వరంలో ఉండాయి.”

“ఒక మూలన కూర్చుంటానమ్మా. ఊపిరి కూడా గట్టిగా తీయను.”

“మీ ఊపిరి సంగతి కాదు. తలుపు తీస్తే గాలి మారతాది. కాలి సద్దు పడతాది. నేనే పోను, మిమ్మల్ని ఎట్ల పంపేది? ఈడ కూర్చోండి. మజ్జిగ తెస్తా.”

ఆమెతో వాదించి గెలిచానని నేను చాలామందికి చెప్పాను. అలాంటిదేమీ జరగలేదు. బయట అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగాను.

మధ్యాహ్నం ఎండ రేకుల మీద చిటపటమంటోంది. గోడ అవతల ఫ్యాను తిరగడం, ఆగడం వినబడుతూ ఉంది. ఒకసారి ఫ్యాను ఆగిన కాసేపటికి తోటలో బోరు మోటారు శబ్దం కూడా ఆగిపోయింది. తోట లోంచి ఆమె భర్త కేక వేశాడు.

“కరెంటు పోయినాదే. బోరు నిలిచిపోయినాది.”

“మాకూ తెలిసింది లే” అని ఆమె ఇక్కణ్ణుంచే జవాబిచ్చింది.

నేను చెవి గోడకు ఆనించాను. ఇన్వర్టర్ సన్నగా గుయ్యిమంటోంది. ఇక మా పెట్టె బ్యాటరీ పొదుపులోకి పోతుంది, గది వేడెక్కగానే లేచి ఫ్యాను వేస్తుంది. అలా అని నేనే రాశాను. ఎదురుచూశాను. గోడ వెచ్చబడుతోంది. ఫ్యాను వేయలేదు. ఇంకా ఎదురుచూశాను. ఆమె నా మొహం చూస్తోంది. నేను ఆమె మొహం చూడలేదు.

బోర్డాయనకు ఫోన్ చేశాను.

“కరెంటు పోయి చాలాసేపైంది. ఫ్యాను రాలేదు.”

“ఇన్వర్టర్ ఉండాదా?”

“ఉంది. శబ్దం వస్తోంది.”

“మిషను బటన్ నొక్కి చూసినారా?”

“నన్ను గడప దాటనివ్వలేదు.”

“ఎవురూ ముట్టలేదా పొద్దున్నించీ?”

“జ్వరంలో ఉన్నాయి. ఎవరు ముడతారు?”

అతను నెమ్మదిగా అన్నాడు, “స్వామీ, మనం ఆ పెట్టెను ఎప్పుడన్నా ఊరికే ఇడిచిపెట్టినామా?”

ఆ ప్రశ్న నాకే తట్టిందని నా రిటైర్మెంట్ రోజు సభలో చెప్పాను. బోర్డాయన ముందు వరుసలోనే కూర్చుని ఉన్నాడు, ఏమీ అనలేదు. ప్రశ్న అతనిది. జవాబు మాత్రం నాదే. ఎందుకంటే అతను ఆ మాట అనగానే నాకు ఆ ఫైలు కళ్ళ ముందుకు వచ్చింది. ఆ టైమరు, దాని అడ్రసు, దాని వేగం, దాని కింద ఆ ఒక్క మాట: ఆగదు. కచేరిలో కరెంటు పోయినప్పుడల్లా మేమే నొక్కి నొక్కి దాన్ని లేపుతున్నాం. ఇక్కడ మామూలు రోజుల్లో మేత వేసిన ప్రతిసారీ గుర్తుగా ఆమె పెట్టె మీది మేత బటన్ నొక్కుతుంది, ఆమె లేపుతోంది. ఎవ్వరూ ముట్టని రోజు ఒక్కటే ఉంది. పురుగులు నిద్రపోయే రోజు. ఆ రోజు కరెంటు పోతే మా పెట్టె కూడా నిద్రపోతుంది, లేపాల్సిన టైమరు దానితో పాటే పడుకుంటుంది.

తలుపులో చిన్న అద్దం బిళ్ళ ఉంది. అందులోంచి చూశాను. ఎదురుగోడ మీద మా పెట్టె. దాని బూడిదరంగు స్క్రీను మీద అంకెలు స్పష్టంగా ఉన్నాయి. అది కరెంటు పోయిన నిమిషం. నా చేతి గడియారం చూసుకున్నాను, మళ్ళీ దాన్ని చూశాను. అది కదల్లేదు.

“టైము నిలబడిపోయింది” అన్నాను ఫోన్లో.

“ముట్టొద్దండి” అన్నాడు బోర్డాయన. అతని గొంతు మారిపోయింది. “ఇంకొంచేపు అట్లనే ఇడిచిపెట్టి చూడండి. మళ్ళీ ఇట్ల దొరకదు.”

అతన్ని తప్పుపట్టకండి. అతనికి ఆ గది కనబడటం లేదు. నాకు కనబడుతోంది. అయినా నేను వెంటనే “అమ్మా, తలుపు తీయండి” అన్నానని ఇక్కడ రాయబోయి ఆగాను. అనలేదు. దొంగ దొరికాడన్న సంతోషం ఒకటి ఉంటుంది మన పనిలో, మీకూ ఏదో ఒకరోజు తెలుస్తుంది. ఆ సంతోషంలో నేను అద్దానికి ముక్కు ఆనించి ఆ అంకెలను చూస్తూ ఉండిపోయాను. నా భుజం మీద చెయ్యి పడింది.

“ఏమైనాదప్పా? నిజం చెప్పండి.”

“మిషను నిద్రపోయిందమ్మా. దానంతట అది లేవదు. నేను ఒకసారి నొక్కితే లేస్తుంది.”

“ఎంతసేపైనాది?”

“కరెంటు పోయినప్పటి నుంచీ.”

ఆమె చెప్పులు అరుగు కిందకు తోసి, స్టూలు చేత్తో ఎత్తుకుని, తలుపు తెరిచింది. లోపలి నుంచి వేడి మా మొహాలకు తగిలింది, మూత తీసిన అన్నం గిన్నెలా.

“మీరు మీ మిషను చూసుకోండి” అంది గుసగుసగా. “నేను నా పురుగు చూసుకుంటా.”

వరసగా పేర్చిన ట్రేలు. సున్నం పొడి కింద లెక్కలేనన్ని పురుగులు తలలు పైకెత్తి అలాగే ఉన్నాయి. వాటి మధ్య నుంచి ఆమె మునివేళ్ళ మీద నడిచి, స్టూలెక్కి, మేము బిగించి కట్టిన వైర్లను విప్పడం మొదలుపెట్టింది. పట్టకారు లేదు. వేళ్ళతోనే విప్పింది. ఒక్కొక్క గాలి తలుపు తెరుచుకుంటుంటే వెలుగు చారలుగా ట్రేల మీద పడింది, ఆమె వెంటనే పైట కొంగుతో దాన్ని ఆపింది, ఎండ తగలకూడదని. నేను పెట్టె దగ్గరికి పోయి బటన్ నొక్కాను.

స్క్రీను మీద టైము కదిలింది. కరెంటు పోయిన నిమిషం తర్వాతి నిమిషం చూపించింది. మధ్యలో గడిచిన ఎండ పొద్దు దాని లెక్కలోనే లేదు. తాను నిద్రపోయానని దానికి తెలియదు. గది ఎంత వేడిగా ఉందో అప్పుడే చూసుకుని ఫ్యాను వేసింది.

ఆ రోజు ఒక్క పురుగు కూడా పోలేదని, సమయానికి నేను అక్కడ ఉండబట్టి గది గట్టెక్కిందని మిట్టేమరి ఊళ్ళోని మా చుట్టాల దగ్గర చాలాకాలం చెప్పాను. అందులో నిజమైన భాగం నేను అక్కడ ఉన్నానన్నది. మర్నాడు కింది ట్రేల్లో పురుగులు బాగానే లేచాయి. వేడి పైకి పోతుంది కదా, పై వరస ట్రేల్లోవి లేవలేదు. చర్మం సగం విడిచి అలాగే ఉండిపోయాయి. ఆమె వాటిని తానే ఎత్తి, తోట చివర గుంటలో పోసి, సున్నం చల్లి, మన్ను కప్పింది. నేను పార పట్టుకుంటానంటే ఇవ్వలేదు. కోపంతో కాదు. “మీకు అలవాటు లేని పని” అంది.

పురుగుల కోసం రైతులు వచ్చారు. ఆమె వాకిట్లో నిలబడి ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పింది. కింది ట్రేలవి అందరికీ తగ్గించి పంచుతానంది. వాళ్ళల్లో ఒక పెద్దాయన, తలపాగా సర్దుకుంటూ, “ఏమమ్మా, మిషనుకు గూడా జ్వరం వచ్చినాదంట?” అన్నాడు.

“వచ్చినాదప్పా. దాన్ని చేసినాయప్ప అదిగో అరుగు మీద కూర్చోనుండాడు, అడుగు.”

ఆయన నిజంగానే వచ్చి నా పక్కన కూర్చున్నాడు. నేను చెప్పాను, మీకు చెప్పినట్టే, పెద్దమనిషి, చూపు లేకపోవడం, అల్లుడు, చుట్టాలు, అంతా. ఆయన శ్రద్ధగా విన్నాడు.

“అయితే మీరు ఏం రాస్తే అది నమ్మతాదా?”

“నమ్ముతుంది.”

“తిరిగి ఏమీ అడగదా?”

“అడగదు.”

“పాపం గదప్పా అది” అని లేచి పోయాడు.

ఇంతకాలం ఉద్యోగంలో నా పని గురించి ఎవరూ అంత సూటిగా చెప్పలేదు.

దిద్దుబాటు చాలా చిన్నది. ఆ మాటను ఫైల్లోంచి తీసేశాను. ఆ చిప్పులోనే ఇంకో టైమరు ఉంది, మందకొడిది, ముతకగా లెక్కపెడుతుంది, కానీ గాఢనిద్రలో కూడా మేలుకుని ఉంటుంది. దాని గురించి మేము కర్నెల్‌కు చెప్పనే లేదు, పనికిరాదనుకుని. దాన్ని కూడా పరిచయం చేశాను. ఇక కర్నెల్ లోతుగా నిద్రపోవాలంటే ముందు దానికి అప్పజెప్పి పడుకుంటాడు. అప్పటికే అమ్మిన ప్రతి కొత్త బోర్డు పెట్టె దగ్గరికీ బోర్డాయన, నేను ఆ బండి మీదనే తిరిగి మార్చి వచ్చాం. ఆ తిరుగుడంతా అతను ఒక్కసారి కూడా సాఫ్ట్‌వేర్ అనలేదు. అది నాకు కష్టంగానే ఉండింది.

మార్చిన పెట్టెను కచేరిలో పరీక్షించే రోజు కరెంటు పోయింది. అందరం అలవాటు కొద్దీ లేచాం. బోర్డాయన పరీక్ష గది తలుపుకు తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని, తలుపుకు ఆనుకుని నిలబడ్డాడు. “ఈ పొద్దు లోపలికి లేదు స్వామీ” అన్నాడు. ఆమె మాట నేను చెప్పగా విన్నాడు. ఎవరూ నవ్వలేదు. తలుపు బయట అందరం చేతులు కట్టుకుని నిలబడి విన్నాం. లోపల ఫ్యాను దానంతట అది తిరగడం మొదలుపెట్టాక కూడా చాలాసేపు ఎవరం కదల్లేదు.

ఆమె గదికి తాళం వేయలేదు. కొందరు రైతులు వేరే చాకీకి పోయారు. మిగిలినవాళ్ళను నమ్ముకుని ఇంకో తడవ గుడ్లు తెచ్చింది. రెండో జ్వరం రోజు నన్ను రమ్మని కబురు చేసింది. పోయి, కడుక్కుని, చొక్కా మార్చుకుని, అడక్కుండానే అరుగు మీద కూర్చున్నాను. కరెంటు కోసం కాచుకోలేదు. ఆమే పోయి మెయిన్ ఆపి వచ్చింది. ఇద్దరం గోడ వైపు చెవి పెట్టి కూర్చున్నాం. గోడ వెచ్చబడింది. మజ్జిగ గ్లాసు కింద పెట్టి చేతి గడియారం చూసుకున్నాను. తర్వాత ఫ్యాను తిరిగింది. ఆగింది. మళ్ళీ తిరిగింది.

ఆమె తల ఊపింది. లేచి, గోడ మూలకు పోయి, అక్కడ వేలాడుతున్న ఒక తాడు పట్టుకుని లాగింది. పైన గాలి తలుపులన్నీ ఒక్కసారిగా తెరుచుకున్నాయి. తలుపు తీయకుండా, గదిలో అడుగుపెట్టకుండా, బయటి నుంచే. లోపల వాటికి ఎండ పడకుండా గోనెపట్టా కూడా కట్టించింది. ఎప్పుడు చేయించిందో నాకు తెలియదు.

“మిషను సరిగానే నడుస్తోంది కదమ్మా” అన్నాను.

“నడస్తాండాది. నేను కాదన్లేదు గదా.” తాడును గుంజకు చుడుతూ అంది, “మీ మిషనుకు మీరు చెప్పిందే తెలుసు. ఈడ నేను గూడా ఉండాను గదప్పా.”

ఆ తర్వాత కొంతకాలానికి నేను రిటైరయ్యాను. మా ఆవిడకు మురుగమల్ల దర్గా మీద గురి. అప్పుడప్పుడూ చింతామణి మీదుగా బస్సులో పోతాం. ఆ కేంద్రం రోడ్డు నుంచి కనబడుతుంది. మొదట ఆ గోడ మూలన వేలాడింది పాత చేంతాడు. ఈ మధ్య పోయినప్పుడు చూస్తే నీలం నైలాను తాడు, కొత్తది. పాతది చేతులు పడి పడి అరిగిపోయి ఉంటుంది.

“ఆడ ఏముండాదని ప్రతిసారీ అట్ల మెడ తిప్పి చూస్తారు?” అని అడుగుతుంది మా ఆవిడ.

“నేను చేసిన మిషను ఉంది” అంటాను.

మిషను లోపల ఉంటుంది, బస్సులోంచి కనబడదు. నేను చూసేది ఆ తాడును.